తీసేసిన పందొమ్మిది ఫారాలు

ఏప్రిల్ 2

చివరి రోజు సంగతి రాసిపెట్టాలి. మూడు వారాలైంది. అప్పుడే కొన్ని గంటలు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి.

మార్చి 11. ఆసుపత్రి మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం. ఉదయం ఆరున్నరకి మా ఆవిడకి మెలకువ వచ్చింది. టైమెంతని అడిగింది. చెప్పాను. రెండు చెంచాల నీళ్లు తాగింది. ఏడింటికి డ్యూటీ మారింది. కొత్తగా వచ్చిన నర్సు తన దగ్గర చదువుకున్న పిల్లే. బీపీ చూడడానికి చేతికి పట్టీ చుట్టింది. పట్టీ మరీ వదులుగా ఉందమ్మా, రెండు వేళ్లు దూరేంత ఉంటే చాలు అని తనే చెప్పింది. ఆ పిల్ల సరిచేసింది గానీ అంకె పైకి చెప్పలేదు. తను అడగలేదు.

పదకొండుకి డాక్టరు వచ్చి నన్ను బయటికి పిలిచాడు. ఇక్కడే చెప్పండి, నాకన్నా తనకే బాగా అర్థమవుతుంది అన్నాను. అయినా బయటే చెప్పాడు. మధ్యాహ్నం నుంచి మాట లేదు. మా అమ్మాయి రెండున్నరకి బస్సు దిగి సరాసరి వచ్చింది. మూడూ పదికి తను పోయింది.

మూడు చోట్ల సంతకం పెట్టాను. వృత్తి అన్న గడిలో ఎవరిది రాయాలని అడిగాను. పోయినవాళ్లదే రాయండి సార్ అన్నాడు గుమాస్తా. నర్సింగ్ కాలేజీ లెక్చరర్ అని రాశాను.

ఏడ్చానో లేదో గుర్తు లేదు. లేదనే అంటోంది అమ్మాయి.

ఏప్రిల్ 5

పాలు సగానికి తగ్గించమని చెప్పాను.

ఏప్రిల్ 9

మరదలు వచ్చి నాలుగు రోజులైంది. అక్కకన్నా ఆరేళ్లు చిన్నది, నోరు మాత్రం పదేళ్లు పెద్దది. వంటింట్లో డబ్బాలన్నీ తన పద్ధతిలో సర్దింది. ఇప్పుడు నాకు ఉప్పు ఎక్కడుందో తెలియదు. ఇదివరకు మాత్రం తెలుసా బావా అంది.

ఈ రోజు మంచం కింద నుంచి నాలుగు అట్టపెట్టెలు బయటికి లాగింది. పాత కాగితాలవాడికి వేసేయనా అని అడిగింది. ముట్టుకోవద్దన్నాను. గొంతు పెరిగిందనుకుంటాను. నడుం మీద చేయి వేసుకుని నిలబడింది. పెళ్లైన కొత్తలో ఇంటినిండా నువ్వు పుస్తకాలు నింపావు, తర్వాత అక్క కాగితాలు నింపింది, ఇద్దరికిద్దరూ సరిపోయారు, మధ్యలో ఆ పిల్ల ఎక్కడ పడుకుని పెరిగిందో దేవుడికే తెలియాలి అంది. తర్వాత పెట్టెలు తనే లోపలికి తోసి, గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. గంట తర్వాత ముఖం కడుక్కుని వచ్చి, అన్నానికి లేవమంది.

ఆ పెట్టెల్లో ఉన్నవి మూడు వందల ఫారాలు. మా ఆవిడ పీహెచ్‌డీ కోసం నర్సులు నింపినవి.

ఏప్రిల్ 16

తన గైడ్ మేడమ్ ఫోన్ చేసింది. ముందు పరామర్శ. తర్వాత అసలు సంగతి.

ఐదు అధ్యాయాల్లో నాలుగు పూర్తయ్యాయి. ఆఖరిదాని నోట్స్ ఉన్నాయి. అభ్యర్థి చనిపోయినా డిగ్రీ ఇచ్చే వీలు యూనివర్సిటీ నిబంధనల్లో ఉంది. జూన్ 30 లోగా థీసిస్ చేరాలి. ఒక్కటే ఇబ్బంది. కమిటీ సవరణలు అడిగితే ఫైలు అక్కడితో మూసేస్తారు. సవరించడానికి మనిషి లేదు కదండీ అంది మేడమ్. అని, ఆ మాట అన్నందుకు రెండుసార్లు సారీ చెప్పింది.

నేను చేయాల్సింది రెండు పనులు. టేబుల్స్ సరిచూడడం. గణాంకాలు సవ్యంగా ఉన్నాయని సర్టిఫికెట్ మీద సంతకం పెట్టడం. లెక్కలు చేసింది నేనే గనక.

అమ్మాయికి చెప్పాను. అమ్మ పేరు ముందు డాక్టర్ అని ఉంటే చూడాలని ఉంది నాన్నా అంది. అమ్మకి అదొక్కటైనా దక్కనీ అంది. సరేనన్నాను.

ఏప్రిల్ 20, ఆదివారం, ఉదయం పది

ఆదివారాలు ఈ వేళకి ఈ బల్ల దగ్గరే కూర్చునేవాళ్లం. తను ఫారం తీసి అంకెలు చదివేది. నేను టైప్ చేసేవాణ్ని. నాలుగు, ఐదు, ఐదు, రెండు. ఒక ఫారానికి యాభై రెండు అంకెలు, ఒకటి అంటే అసలు లేదు, ఐదు అంటే పూర్తిగా అవును. ఆదివారానికి ఇరవై ఫారాలు. ముప్ఫై ఏళ్లు గణాంక శాఖలో ఉద్యోగం చేశాను, అంత శుభ్రంగా చదివి చెప్పినవాళ్లు ఆఫీసులో లేరు. సగటు గారూ, రాసుకోండి అనేది. నాకు తను పెట్టిన పేరు అది. ఏం అడిగినా మధ్యరకంగా జవాబిస్తానట.

థీసిస్ ఏమిటో ఇక్కడ ఒకసారి రాస్తే నాకే మేలు. ఒక మోడల్ ఉంది. మనిషి తన ఆరోగ్యం ఎందుకు చూసుకుంటాడు, ఎందుకు చూసుకోడు అన్నదానికి ఒక బొమ్మ. గళ్లు, గళ్ల మధ్య బాణాలు. మంచిదని తెలియడం ఒక గడి. చేయగలనన్న నమ్మకం ఒకటి. ఇంట్లో ఆసరా ఒకటి. అడ్డంకులు ఒకటి. బాణాలన్నీ వెళ్లి చివరి గడిలో దిగుతాయి. ఆ గడి పేరు చేయడం. నర్సింగ్ పుస్తకాల్లో అందరూ చదివేదే. తను అడిగిన ప్రశ్న వేరు. ఊరందరికీ ఆరోగ్యం నేర్పే నర్సులకి ఈ బొమ్మ సరిపోతుందా? నడక, నిద్ర, బీపీ, రొమ్ము పరీక్ష తాము చేసుకుంటారా?

పాత క్యాలెండర్ కాగితం వెనక గీసి చెప్పింది. బాణాలు నిజంగా బలమైనవా, గీతలేనా, అది మీరు చెప్పాలి అంది.

చెప్పాను. తెలియడం నుంచి చేయడానికి వెళ్లే బాణం 0.41 వచ్చింది. సున్నా అంటే ఉత్త గీత, ఒకటి అంటే పూర్తి బలం, ఇలాంటి లెక్కల్లో 0.41 చాలా మంచి అంకె. ఆ రోజు తనే టీ పెట్టి ఇచ్చింది.

ఏప్రిల్ 28

మరదలు వెళ్లిపోయింది. ఉప్పు దొరికింది.

మే 5

మేడమ్ మళ్లీ ఫోన్. కమిటీలో ఒకాయన తీసేసిన ఫారాల జాబితా అడిగాడట. నెంబర్లు, కారణం. చిన్న పనే సార్, సాయంత్రానికి అయిపోతుంది అంది.

మూడు వందల్లో పందొమ్మిది తీసేశాం. రెండు వందల ఎనభై ఒకటి మిగిలాయి. తీసేయడానికి నియమం నేనే రాశాను. తెలుసు, చేయగలను అన్న ప్రశ్నలన్నిటికీ నాలుగూ ఐదూ, చేస్తున్నాను అన్నవాటికి అన్నిటికీ ఒకటి ఉంటే, ఆ మనిషి ప్రశ్నలు చదవకుండా సున్నాలు చుట్టినట్టు. పరస్పర విరుద్ధ జవాబులు. నమ్మదగనివి. పద్ధతి అధ్యాయంలో అలాగే ఉంది.

మే 6, మధ్యాహ్నం రెండు

పందొమ్మిదీ బయటికి తీశాను. ఎర్ర క్లిప్పు పెట్టి ఉన్నాయి, వెతకనక్కర్లేకపోయింది.

ఫారం చివర ఒక ప్రశ్న ఉంది. పరీక్షలు చేయించుకోకపోతే ఎందుకో మీ మాటల్లో రాయండి. రెండు గీతలు ఖాళీ. అది నేను టైప్ చేయలేదు. మాటలకి సగటు కట్టలేం అన్నాను ఆ రోజుల్లో. తను వాటిని విడిగా చూసుకుంటానంది. అందుకని ఈ గీతల మీద ఏముందో నేను ఇంతవరకు చదవలేదు.

చదివాను.

డాక్టరు ఓపీ ఉన్నప్పుడు నాకు డ్యూటీ. నాకు సెలవైతే డాక్టరుకీ సెలవు. ఇది ఒకామె.

చూసుకుంటే బీపీ ఉంటుంది, చూసుకోకపోతే ఉండదు. ఇంకొకామె. పక్కన చిన్న నవ్వు ముఖం గీసింది.

నలభై మంచాలకి ఇద్దరం. నేను పక్కకి వెళితే ఆమె ఒక్కతే.

నాకేమైనా వస్తే మా అత్తగారిని ఎవరు లేపి కూర్చోబెడతారు? అందుకే ఏమీ రాలేదు.

రోజూ పదిమందికి చెప్తాను. చెప్పీ చెప్పీ నేను చేసినట్టే అనిపిస్తుంది.

వీళ్లెవరూ చదవకుండా నింపినవాళ్లు కారు. ప్రతి ప్రశ్నా చదివారు. నిజం చెప్పారు. తెలుసు, ఐదు. చేయగలను, ఐదు. చేస్తున్నాను, ఒకటి.

నేను తీసేశాను.

అదే రోజు, నాలుగు

ఇంకా ఒకటి చదవాలి. నెంబరు 241.

అదే రోజు, నాలుగున్నర

చేతిరాత తనది.

మొదట తను ఎవరికో సాయం చేసి రాసిందనుకున్నాను. నర్సుల్లో కొందరు మీరే రాయండి మేడమ్ అనేవాళ్లట. కాదు. వయసు యాభై రెండు. సర్వీసు ఇరవై తొమ్మిదేళ్లు. పిల్లలు ఒకరు. తేదీ పోయినేడు ఫిబ్రవరి 19.

చివరి గీతల మీద ఇలా ఉంది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఎడమ వైపు గడ్డ. జనవరి ఆఖర్లో చేతికి తగిలింది. చిన్నది, గట్టిది, కదలడం లేదు. నొప్పి లేదు. మూడు వందలు పూర్తవగానే చూపించుకుంటాను.

వార్డు రిజిస్టర్లో ఎవరో పేషెంటు గురించి రాసినట్టు రాసింది.

మే 7

మూడు వందలు అన్నది నేను.

మే 8

రెండు వందల నలభై ఫారాలు ఆ జనవరికే అయిపోయాయి. చాలు కదా అంది తను. చాలదు, పవర్ సరిపోదు, అంటే ఉన్న సంబంధం కూడా లెక్కలో బయటపడకపోవచ్చు, ఇంకో అరవై కావాలి అన్నాను. ఫార్ములా చూపించాను. ఇంకో అరవై అంటే ఇంకో ఆసుపత్రికి అనుమతులు, ఇంకో ఐదు నెలలు. సరే, మీరు చెప్పాక తప్పుతుందా అంది. జూలైలో మూడు వందలు పూర్తయ్యాయి. ఆగస్టులో డాక్టరుకి చూపించింది. అప్పుడే తగిలిందని చెప్పింది నాతో. నమ్మాను.

రెండు వందల నలభై ఒకటి, ఆ అరవైలో మొదటిది.

నిన్నంతా ఒకటే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. ఆ ఫారం కూడా తనే చదివింది కదా, నేనే టైప్ చేశాను కదా. మార్చి మొదటి ఆదివారం అయి ఉంటుంది. ఏ అంకె దగ్గరైనా ఆగిందా? గొంతు మారిందా? గుర్తు లేదు. తను ఎప్పుడూ చదివినట్టే చదివి ఉంటుంది. ఐదు, ఐదు, నాలుగు, ఐదు. ఒకటి, ఒకటి, ఒకటి, ఒకటి.

నేనన్నది మాత్రం గుర్తుంది. ఎవరీ మహాతల్లి, అన్నీ తెలుసు, ఏమీ చేయదు, నిద్రలో నింపినట్టుంది, దీనికీ క్లిప్పు పెట్టు అన్నాను.

నవ్వింది. బాగానే నవ్వింది. క్లిప్పు పెట్టింది.

మే 9

ముప్ఫై ఏడో ప్రశ్న. నా ఆరోగ్యం గురించి ఇంట్లో పట్టించుకునేవారు ఉన్నారు. తను ఐదు చుట్టింది.

ఆ ఒక్క అంకె తప్పు.

మే 11, ఆదివారం

పందొమ్మిదీ కలిపి మళ్లీ లెక్క వేశాను. తెలియడం నుంచి చేయడానికి వెళ్లే బాణం 0.41 కాస్తా 0.19 అయింది. అడ్డంకుల బాణం రెట్టింపైంది. నాలుగుసార్లు చేశాను. నాలుగుసార్లూ అదే.

అంటే బొమ్మ తప్పని కాదు. నర్సుల దగ్గరికి వచ్చేసరికి ఆ బాణం దారమంత సన్నం. తెలిసినంత మాత్రాన చేయరు. తను మొదట్నుంచీ అనుమానపడింది ఇదే. నేను చూపించిన 0.41 చూసి, అయితే నాదే తప్పన్నమాట అనుకుంది.

మే 15

మేడమ్ గదికి వెళ్లాను. 241 చూపించాను. చదివి, లేచి, తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చుంది. ఇంకెవరైనా చూశారా అని అడిగింది. లేదన్నాను.

కాసేపటికి ఒక్కొక్కటే చెప్పింది. మొదటిది, పరిశోధన చేసేవాళ్లు తమ ఫారం తామే నింపకూడదు. ఇది బయటపడితే మొత్తం థీసిస్ పోతుంది. కాబట్టి మీ నియమం తప్పైనా ఒప్పైనా ఆ ఒక్కటి ఎలాగూ ఉండకూడదు సార్. రెండోది, మిగిలిన పద్దెనిమిదీ తిరిగి కలిపితే పద్ధతి అధ్యాయం మారుతుంది. కమిటీ ఒప్పుకున్న పద్ధతి అది. మారిస్తే సవరణలకి పంపిస్తారు. పంపిస్తే ఏమవుతుందో మీకు తెలుసు. మూడోది, ఆ నియమం మీరే రాశారు.

అవునన్నాను.

ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఇరవై ఏళ్లుగా తనకి తెలుసు. టీ తెప్పించింది. తాగుతూ తాగుతూ, నేనూ నాలుగేళ్లయింది సార్ ఆ పరీక్ష చేయించుకోక, ప్రతి నెలా వచ్చే నెల అనుకుంటాను అంది. అన్న వెంటనే పేజీ మార్జిన్ల గురించి మాట్లాడడం మొదలుపెట్టింది.

సర్టిఫికెట్ నమూనా చేతిలో పెట్టింది. తొలగించిన ఫారాలు నమ్మదగనివని ధ్రువీకరిస్తున్నాను, అని ఉంది. కింద నా పేరు. చుక్కల గీత.

మే 16

రెండే దారులు. 281 తో ఇచ్చి ఆ వాక్యం కింద సంతకం పెడితే డిగ్రీ వస్తుంది. 299 తో ఇస్తే రాదు.

మూడు వందలు మాత్రం ఏ దారిలోనూ లేదు.

మే 24

పద్దెనిమిదిలో పదకొండు, ఆ అరవై కోసం చేర్చిన నాలుగో ఆసుపత్రివి. వెళ్లాను. ఎందుకు వెళ్లానో సరిగ్గా చెప్పలేను. ఆ పదకొండు మందిలో ఒక్కరికైనా పరీక్ష చేయించుకోమని చెప్పాలనిపించింది.

నర్సింగ్ సూపరింటెండెంట్ ఎండాకాలంలో కూడా తెల్లకోటు మీద స్వెట్టర్ వేసుకుని ఉంది. తనకి బాగా తెలిసిన మనిషే. కుర్చీ చూపించింది. విషయం విని, పేర్లు లేని ఫారాలు తెచ్చి పేర్లు చెప్పమంటారేంటి సార్ అంది. పేరు రాయమంటే ఒక్కత్తి నిజం రాసేదా? నా దగ్గర రెండు వందల పది మంది ఉన్నారు, ఎవరిని పిలవను? అందరినీ పరీక్షకి పంపండి అన్నాను. పంపిస్తే వార్డుల్లో మీరు నిలబడతారా అంది. కోపంగా కాదు. నవ్వుతూనే.

సర్క్యులర్ ఎప్పుడో ఇచ్చాను, చూసి వెళ్లండి అంది. నోటీసు బోర్డు మీద ఉంది. సిబ్బందికి ఉచిత పరీక్షలు, ప్రతి మంగళవారం పది నుంచి పన్నెండు వరకు. కింద ఎవరో పెన్నుతో రాశారు. ఆ రెండు గంటలు పేషెంట్లకి సెలవా?

నేను చదువుతుంటే ఇద్దరు నర్సులు లిఫ్టు కోసం వచ్చి నిలబడ్డారు. ఒకామె చేతిలో సగం తిన్న బిస్కట్ ప్యాకెట్. ఎవరి తాలూకు అంకుల్, ఏ వార్డు అని అడిగింది. ఎవరి తాలూకూ కాదన్నాను. ఈ పరీక్షలు మీరు చేయించుకున్నారా అమ్మా అని అడిగాను. రెండోది ఫక్కున నవ్వింది. ఇదిగో దీన్ని అడగండి, దీనికి బీపీ చూస్తే మిషన్‌కి బీపీ వస్తుంది అంది. మొదటామె మోచేత్తో పొడిచింది. నోర్మూసుకోవే, నువ్వేదో పెద్ద చేయించుకున్నట్టు. మంగళవారం వెళదామన్నావు, ఎన్ని మంగళవారాలైందే? లిఫ్టు వచ్చింది. నవ్వుకుంటూ ఎక్కేశారు.

ఆ ఇద్దరూ పదకొండులో ఉన్నారో లేదో తెలియదు. ఉంటే మాత్రం గుర్తు పట్టడమెలా? నేను వాళ్లని చూసింది అంకెల్లోనే.

జూన్ 1, ఆదివారం

పది గంటలకి బల్ల దగ్గర కూర్చున్నాను. లేచాను.

జూన్ 7

అమ్మాయి వచ్చింది. చెప్పకుండా ఉండొచ్చు. నెల రోజులుగా చెప్పకుండానే ఉన్నాను. అన్నం తిన్నాక 241 చేతికిచ్చాను.

నిలబడే చదివింది. తర్వాత కూర్చుని చదివింది. ఏడవలేదు, నా పోలికే. ఈ మూడు వందలు ఏంటి నాన్నా, ఎవరు పెట్టారు అని అడిగింది.

నేనే అన్నాను. ఎందుకో చెప్పబోయాను. పవర్ అన్నమాట నోటిదాకా వచ్చింది. ఆగిపోయాను.

రెండు వందల నలభై సరిపోయేదా అని అడిగింది.

నిజం చెప్పాలి. ఈ మధ్య ఆ లెక్క కూడా వేసి చూశాను. సరిపోయేది. బాణాలన్నీ దాదాపు అలాగే వచ్చేవి. కాస్త వదులుగా, అంతే. సరిపోయేదన్నాను.

ఫారం బల్ల మీద పెట్టి, పళ్లెం తీసుకెళ్లి కడిగింది. నా పళ్లెం కూడా కడిగింది.

జూన్ 8

అమ్మాయి ఉదయం బస్సుకే వెళ్లిపోయింది. రెండు రోజులు ఉంటానని వచ్చింది.

జూన్ 14

ఫోన్ లేదు.

జూన్ 17

మరదలు ఫోన్ చేసి తిట్టింది. ఆ పిల్లకి అన్నీ ఎందుకు చెప్పావు, కడుపులో దాచుకోవడం ముప్ఫై ఏళ్లు వచ్చిన మనిషికి ఇప్పుడే చేతకాకుండా పోయిందా అంది. అక్క దాచింది, నువ్వు చూడలేదు, ఇప్పుడు ఆ కాగితం పట్టుకుని పిల్లని ఏడిపిస్తే అక్క లేచి వస్తుందా అంది. తర్వాత గొంతు తగ్గించింది. సంతకం పెట్టెయ్ బావా. ఇంత చదివి ఇంత తిరిగిన మనిషి, ఆ పేరు ముందు రెండక్షరాలు పడనీ. పద్దెనిమిది మంది ఎవరో మనకేం తెలుసు, మనవాళ్లా?

ఉన్నావా అంది. ఉన్నానన్నాను. బీపీ మాత్ర వేసుకుంటున్నావా అంది. వేసుకుంటున్నానన్నాను. అబద్ధం.

జూన్ 21

ఒక సంగతి. పదేళ్ల కిందటిది. ఫైనలియర్ పిల్ల ఒకత్తి బీపీ చూడకుండానే చార్టులో అంకెలు వేసింది. అన్నీ 120, 80. పేషెంటుకి ఏమీ కాలేదు. అయినా తను ఆ పిల్లని ఆరు నెలలు వెనక్కి పంపింది. ప్రిన్సిపాల్ బతిమాలాడు. ఆ పిల్ల తండ్రి మా ఇంటికొచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. నేనే అన్నాను, పోనీలే, చిన్నపిల్ల, భవిష్యత్తు పోతుంది అని. చూడని అంకె రాస్తే ఆ మంచం మీద మనిషి లేనట్టేనండీ అంది తను. ఆయనకి కాఫీ ఇచ్చి పంపింది.

పద్దెనిమిది మంచాలు.

జూన్ 24

299 తో టేబుల్స్ అన్నీ మళ్లీ చేశాను. చివరి అధ్యాయం తన నోట్స్ చూసి రాశాను. తన నోట్సులో ఒక వాక్యం ఉంది. నర్సుకి తెలియదనుకుని నేర్పడం మానేయాలి, ఆమెకి గంట టైమివ్వాలి. పక్కన పెన్సిల్‌తో రాసుకుంది, కానీ డేటా ఒప్పుకోవడం లేదు.

డేటా ఒప్పుకునేది. డేటా మంచం కింద ఉంది, ఎర్ర క్లిప్పుతో.

ఆ పెన్సిల్ రాతని కొట్టేశాను. వాక్యాన్ని థీసిస్‌లో పెట్టాను. చదివేవాళ్లుండరు.

జూన్ 26

మేడమ్‌కి చెప్పాను. ఏ కాపీ ఇచ్చినా ఫార్వార్డ్ చేస్తాను సార్, నా సంతకం ఆపను అంది. కానీ ఆశ పెట్టుకోవద్దు, నాలుగు వారాల్లో తిప్పి పంపిస్తారు, ఫైలు మూసేస్తారు, లైబ్రరీలోకి కూడా రాదు అంది. ఎవరి కోసం సార్ ఇదంతా అని అడిగింది. నిజంగానే అడిగింది.

పద్దెనిమిది మంది కోసం అనబోయాను. వాళ్లకి దీనివల్ల పైసా ఉపయోగం లేదు. వాళ్లకి తెలియనైనా తెలియదు. మంగళవారం మంగళవారంలాగే ఉంటుంది. తన కోసం అనబోయాను. తనకి డిగ్రీ పోగొడుతున్నాను.

తెలియదన్నాను.

జూన్ 28

అమ్మాయి ఫోన్. మూడు వారాల తర్వాత.

ఏది ఇస్తున్నావని అడిగింది. 299 అన్నాను. డిగ్రీ రాదు కదా అంది. రాదన్నాను. కోప్పడుతుందనుకున్నాను. అమ్మ ఫారం కలిపావా అని అడిగింది. లేదు, నిబంధన ఒప్పుకోదన్నాను.

అయితే రెండు లెక్కల్లోనూ అమ్మ లేదన్నమాట అంది.

లేదన్నాను.

లైను మీదే ఉంది. వాళ్లింట్లో మిక్సీ చప్పుడు వినిపించింది, ఆగింది. తిన్నావా నాన్నా అంది. తిన్నానన్నాను. సరే అని పెట్టేసింది.

జూన్ 29, సాయంత్రం ఐదు

సర్టిఫికెట్‌లో ఆ వాక్యం కొట్టేసి, తొలగించడం నా తప్పు అని రాసి సంతకం పెట్టాను.

యూనివర్సిటీ రీసెర్చ్ సెక్షన్ పదింటికి గానీ తెరవరు. రేపు ఉదయం తొమ్మిదికే వెళ్లి మెట్ల మీద కూర్చుంటాను.